మామగారు మీద వేసుకున్న తప్పు

మామగారు ఆ మధ్యాహ్నం తాగి రంగస్థలం ఎక్కాడని కొందరన్నారు. వయసు మీదపడి మాటలు మరిచిపోయాడనీ, ఆ మరుపును కప్పిపుచ్చుకోవడానికి తాగినట్టు నటించాడనీ మరికొందరన్నారు. ఈ రెండింటికన్నా ఎక్కువ చెలామణీ అయింది మూడో మాట. ముప్పై ఏళ్ళుగా కలిసి ఆడుతున్న జతగాడికి చప్పట్లు ఎక్కువ పడుతున్నాయన్న కడుపుమంటతో, పెద్దమనుషులు ముందువరసలో కూర్చున్న రోజు చూసి, కావాలనే అతని ఘట్టాన్ని చెడగొట్టాడని. ఈ మాట అన్నది స్వయానా ఆ జతగాడి భార్య కావడంతో దానికి సాక్ష్యమేమిటని అడిగినవారు లేరు.

అడిగి ఉండవలసింది. ఆయన చుక్క ముట్టని మనిషి. ఇరవై రెండేళ్ళపాటు తాగుబోతు వేషాలు వేసి మెప్పించాడు గనక, చూసినవాళ్ళు వేషాన్నే మనిషనుకున్నారు. మరుపు సంగతికి వస్తే, ఆ రోజు ఆడిన నాటకంలో తన మాటలే కాదు, అందరి మాటలూ ఆయనకు కంఠతా వచ్చని ప్రాంప్టరమ్మ చెబుతుంది. తెర పక్కన చిన్న దీపం కింద కూర్చుని, మాట జారినవాళ్ళకు మెల్లగా అందించడం ఆమె పని. ఎవరి కొమ్ము కాసే స్వభావం ఆమెది కాదు. ఇక మిగిలింది అసూయ. దాని సంగతి తేలాలంటే మొదటినుంచీ చెప్పుకురావాలి.

ఆయన నాటక కంపెనీలో చేరింది దుస్తులు ఇస్త్రీ చేయడానికి. ఇరవై నాలుగో ఏట, పెళ్ళికూతురి తండ్రి వేషం వేసే నటుడు గొంతు పోయి మంచమెక్కితే, ఆ కోటు సరిపోయే ఒడ్డూపొడుగూ ఇస్త్రీ చేసే ఆయనకే ఉన్నాయని తెల్లమీసం అతికించి వేదిక మీదికి నెట్టారు. తనకన్నా ఆరేళ్ళు పెద్దవాడైన అల్లుణ్ణి చెవి మెలేసి గద్దించాడు. హాలు పగలబడి నవ్వింది. ఆ సాయంత్రం నుంచి ఆయన అందరికీ మామగారే. పెళ్ళయ్యాక, పిల్లనిచ్చిన అసలు మామగారు కూడా “ఏం మామగారూ, ఎప్పుడొచ్చారు?” అని పలకరించేవాడు.

తరువాత నలభై ఏళ్ళలో ఆయన కానిది లేదు. న్యాయమూర్తి, జేబుదొంగ, చెవిటి వైద్యుడు, కొడుకును పోగొట్టుకున్న తపాలా ఉద్యోగి, ఒక నాటకంలో రెండు రంగాలపాటు శవం. ఏ వేషమైనా బూట్లతో మొదలుపెట్టేవాడు. దుస్తుల గదిలో నేల మీద చతికిలబడి, పాత జోళ్ళ గుట్ట ముందేసుకుని, ఒక్కొక్కటీ తొడిగి నాలుగడుగులు నడిచేవాడు. “మనిషి మొహంతో ఎన్ని అబద్ధాలైనా ఆడతాడు, కాళ్ళతో ఆడలేడు” అనేవాడు. సినిమాల్లో, సీరియళ్ళలో వందకు పైగా వేషాలు వేశాడు. ఏదీ ఐదు నిమిషాలు దాటలేదు. అందువల్ల వీధిలో అందరికీ ఆయన మొహం తెలుసు, ఆయన తెలియదు.

“మిమ్మల్ని ఎక్కడో చూశానండీ. బ్యాంకులో చేస్తారు కదూ?” అని మందుల దుకాణంలో ఒకాయన అడిగాడు.

“చేశానండీ, రెండు రోజులు” అన్నాడు మామగారు.

“అయ్యో, తీసేశారా?”

“లేదండీ, షూటింగు అయిపోయింది.”

ఆయన జతగాడు పొట్టాయన. మనిషి మామగారి భుజానికి వస్తాడు, గొంతు మాత్రం గ్యాలరీ చివరి వరసకు వెళుతుంది. ఇద్దరూ కలిసి ముప్పై ఏళ్ళు జనాన్ని నవ్వించారు. చివరి ఆరేళ్ళూ వాళ్ళకు అన్నం పెట్టింది గోడ నాటకం. ఇంటికి అడ్డంగా గోడ కట్టుకుని పదిహేనేళ్ళు మాట్లాడుకోని అన్నదమ్ముల కథ అది. మొదటి సగం నవ్వు, రెండో సగం ఏడుపు. మామగారు అన్న, పొట్టాయన తమ్ముడు. ఆఖరి రంగంలో తమ్ముడు వచ్చి నాలుగు మాటలు చెప్పాలి, అన్న గోడకు తల ఆనించి వినాలి. ఆ నాలుగు మాటల కోసమే జనం మళ్ళీ మళ్ళీ టిక్కెట్టు కొనేవారు.

పొట్టాయన అరచేతిలో పెన్నుతో మాటలు రాసుకోవడం మామగారు మొదట చూశాడు. తరువాత టోపీ లోపల, ఆ తరువాత చేతిలోని వార్తాపత్రిక మీద. ఒకరోజు మొదటి రంగంలోనే మాట జారింది. మామగారు వెంటనే “ఏరా, డాక్టరు దగ్గరికెళ్ళి వచ్చానని చెప్పబోతున్నావా?” అని అందించాడు. “ఆ, ఆ, అదే!” అన్నాడు పొట్టాయన. హాలు నవ్వింది. నాటకాల వాళ్ళలో రాయని చట్టం ఒకటుంది. ఎదుటివాడి చేతిలోంచి జారిన మాటను నేల మీద పడకుండా పట్టుకోవాలి. తెర దిగాక దాని ఊసెత్తకూడదు. మామగారు నలభై ఏళ్ళు ఆ చట్టం తప్పలేదు. ఇప్పుడూ తప్పలేదు. ఇక్కడే ఆయన పొరపాటు మొదలైంది.

పొట్టాయనే ఊసెత్తాడు. మేకప్ గదిలో, మొహానికి నూనె రాసి రంగు తుడుచుకుంటూ, అద్దంలోకి చూస్తూ అన్నాడు.

“ఒరేయ్, నాకు మొన్న మా వీధి గుర్తురాలేదు.”

“నాకు మాత్రం గుర్తుంటుందా? మున్సిపాలిటీ వాళ్ళు రోజుకో చోట తవ్వుతుంటే.”

“హాస్యం కాదురా. మా ఇంట్లో చెప్పకు. మావాడికి తెలిస్తే కూర్చోబెట్టేస్తాడు. వేషం లేకపోతే నేను కుర్చీకి తగిలించిన కోటునిరా. మాటివ్వు.”

మామగారు మాట ఇచ్చాడు. ఆ రోజు నుంచి ఏడాదీ రెండు నెలలు ఆయన ఇద్దరి వేషాలూ వేశాడు. తన మాటల్లో తమ్ముడి జవాబు కూడా కలిపి, ప్రశ్నలోనే పెట్టి అందించేవాడు. ప్రాంప్టరమ్మకు ఒక అలవాటుంది. ఎవరైనా మాట జార్చితే నాటకప్రతి అంచున ఆ పాత్ర పక్కన పెన్సిలుతో చిన్న అడ్డగీత పెడుతుంది. సోమవారం సోమవారం యజమాని ఆ గీతలు చూస్తాడు. ఏడాదిపాటు పొట్టాయన పక్కన ఒక్క గీతా పడలేదు.

“మీరు రెండు వేషాలేస్తున్నారు మామగారూ, నాకు కళ్ళు లేవనుకోకండి” అంది ఆమె ఒకసారి.

“రెండోదానికి బూట్లు అక్కర్లేదులేమ్మా” అన్నాడు.

మామగారి భార్య అంత తేలిగ్గా వదలలేదు. కంపెనీకి దుస్తులు కుట్టేది ఆమే. మిషను ఆపి, కళ్ళద్దాలు పైకి నెట్టి, “రోగం డైలాగు కాదండీ, మీరు అందిస్తే సరిపోవడానికి. వాళ్ళబ్బాయికి చెప్పండి” అంది.

“మాటిచ్చానే.”

“ఆ మాట ఆయనకైనా గుర్తుందా?”

 మర్నాడు మామగారు పొట్టాయన కొడుకు నడిపే కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళాడు. చెప్పాలనే వెళ్ళాడు. కుర్చీలో కూర్చోబెట్టి అక్షరాల అట్ట చదివించాడు ఆ అబ్బాయి. మామగారు అడుగు వరసదాకా గడగడా చదివేశాడు.

“చూపు భేషుగ్గా ఉంది పెదనాన్నా. ఇంకేమైనా ఇబ్బందా?”

మామగారు “ఇంకేం లేదురా” అని, అక్కర్లేని చదువుకునే అద్దాలు ఒకటి కొనుక్కుని బయటపడ్డాడు.

ఆ తరువాత ఐదు నెలలకు వచ్చింది ఆ మధ్యాహ్నం ఆట. ముందువరసలో ఒక సీరియల్ దర్శకుడు, ఆయన మనుషులూ కూర్చున్నారు. కథకు మూలస్తంభమైన తండ్రి పాత్రకు మామగారిని దాదాపు ఖాయం చేసుకున్నారు. ఆఖరి రంగం ఒక్కటి చూసి సంతకం అనుకున్నారు. అరవై నాలుగేళ్ళకు వచ్చిన మొదటి పెద్ద వేషం. ఈ సంగతి మామగారికి తెలుసు, కంపెనీలో అందరికీ తెలుసు, బయటికి మాత్రం పొక్కలేదు.

మొదటి రంగాలు బాగానే నడిచాయి. ఆఖరి రంగంలో పొట్టాయన గోడ పక్కకు వచ్చి నిలబడ్డాడు. నాలుగు మాటల్లో ఒక్కటీ రాలేదు. ప్రాంప్టరమ్మ రెండుసార్లు అందించింది. మామగారు తన ఉపాయం తాను వేశాడు: “గోడ కట్టింది నువ్వు కాదని చెప్పడానికొచ్చావా తమ్ముడూ?”

పొట్టాయన ఆయన మొహంలోకి చూసి వెనక్కి అడుగేశాడు. “ఎవరండీ మీరు? నన్నిక్కడికెవరు తీసుకొచ్చారు?” అన్నాడు. చివరి వరసకు వినిపించే గొంతు కాదది, తోవ తప్పిన పిల్లవాడి గొంతు. తలమీది విగ్గును రెండు చేతులతో పట్టుకుని పీకడం మొదలుపెట్టాడు. ఇది నాటకంలోదో కాదో ముందువరస వాళ్ళకింకా తేలలేదు. మరో అర నిమిషంలో తేలిపోయేది.

మామగారు మోకాళ్ళు వదిలేశాడు. ఇరవై రెండేళ్ళ తాగుబోతు నడక ఒంట్లోకి వచ్చేసింది. తూలుకుంటూ పొట్టాయనకు అడ్డంగా వచ్చి, ఇంకేదో నాటకంలో న్యాయమూర్తిగా చదివిన ఉరిశిక్ష తీర్పును నాలుక మడతపడే గొంతుతో అరవసాగాడు. ప్లైవుడ్ గోడను భుజంతో తోశాడు. అది ధబ్బున పడింది. జనం ముందు నవ్వారు, తరువాత ఈలలు వేశారు, ఆ తరువాత “దించండి తెర!” అని కేకలు వేశారు. దర్శకుడు లేచి వెళ్ళిపోవడం మామగారు పడిన గోడ మీదుగా చూశాడు.

తెర దిగింది. “నలభై ఏళ్ళ మర్యాద ఒక్క సీసాలో కలిపేశావు కదయ్యా!” అన్నాడు యజమాని. మామగారు కాదనలేదు. పావుగంటకు పొట్టాయన తెప్పరిల్లి, మేకప్ గదిలోకి వచ్చి అడిగాడు.

“గోడ పడిందటగా, ఏమైందిరా?”

“నా కాలు తగిలింది.”

“చూసుకోవద్దూ! ఈ వయసులో తొందరేమిటి నీకు?”

ఆ రోజు నాటకప్రతి ఇప్పటికీ ప్రాంప్టరమ్మ పెట్టెలో ఉంది. ఆఖరి రంగం అంచున తమ్ముడి పక్కన పెట్టిన గీతను రబ్బరుతో చెరిపిన మచ్చ ఉంది, అన్న పక్కన కొత్త గీత ఉంది. “అబద్ధపు గీత నేనెప్పుడూ పెట్టలేదండీ” అని ఆమె మొండికేస్తే, ఆయన ఆమె చేతులు పట్టుకుని బతిమాలి పెట్టించుకున్నాడు.

కంపెనీ ఆయనను తీసేసింది. తండ్రి వేషం మరొకరికి పోయింది. పొట్టాయన భార్య ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి కడిగేసింది. “ముప్పై ఏళ్ళు మీ చెయ్యి పట్టుకుని నడిచాడు బావగారూ మా ఆయన. ఆయన పేరు పైకొస్తుంటే అంత గిట్టలేదా మీకు?” లోపలినుంచి మామగారి భార్య మాట్లాడబోతే ఆయన కళ్ళతోనే ఆపాడు. ఆ కోపంలో ఉన్న మనిషికి ఆ రోజు నిజం చెప్పి ఉంటే, తరువాత జరిగింది బహుశా జరిగేది కాదు.

జరిగింది ఇది. అన్న వేషానికి కొత్త నటుడు వచ్చాడు. తన మాటలు తను చెప్పుకునేవాడే తప్ప ఎదుటివాడికి అందించేవాడు కాదు. పొట్టాయన పక్కన వారంలో పదకొండు గీతలు పడ్డాయి. మూడో వారం ఆయన రిహార్సలుకని పొద్దున్నే బయల్దేరి ఎదురు దిక్కు బస్సెక్కాడు. చివరి స్టాపులో దిగి, పైపుల కోసం తవ్విన గోతిలో పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఎవరో ఆసుపత్రిలో చేర్చారు. పేరు అడిగితే గోడ నాటకంలోని తమ్ముడి పేరు చెప్పాడట. ఇంటివాళ్ళకు ఆచూకీ తెలిసేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది.

కబురు విని మామగారు వెళ్ళాడు. ఆసుపత్రి నడవాలో బెంచీ మీద తల్లీకొడుకులు కూర్చుని ఉన్నారు. ఎవరూ అడగకముందే, నిలబడే, అంతా చెప్పాడు. ఈసారి ఏ గొంతూ అరువు తెచ్చుకోలేదు. అరచేతిలో రాతల నుంచి పడిన గోడ దాకా చెప్పాడు.

“ఎన్నాళ్ళయింది పెదనాన్నా?”

“ఏడాదీ మూడు నెలలు కావస్తోంది.”

“ఆ రోజు దుకాణానికి వచ్చింది ఇందుకేనా?”

“ఇందుకే.”

కొడుకు గచ్చునే చూస్తూ, “మొదట్లోనే తీసుకొస్తే నయమయ్యేది కాదట, కానీ కొన్నాళ్ళు నెమ్మదించేదట. డాక్టరు ఇప్పుడే చెప్పారు. ఒంటరిగా బస్సెక్కనిచ్చేవాళ్ళం కాదు కదా పెదనాన్నా” అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే మామగారికి తేలిగ్గా ఉండేది.

పొట్టాయన భార్య చీర చెంగుతో మొహం తుడుచుకుంది. “ఊరంతా తిరిగి మిమ్మల్ని అన్నేసి మాటలన్నానే. అప్పుడైనా నోరు తెరవలేదేం బావగారూ?”

“వాడికి మాటిచ్చానమ్మా.”

“నాకు ఇవ్వాల్సిన మాటో? నేనెవర్ని?”

 ఆమె బెంచీ మీద పక్కకు జరిగింది. మామగారు కూర్చున్నాడు. క్షమించిందో, నిలబడిన ముసలాయన్ని చూడలేకపోయిందో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

కనుక ఆయన తాగలేదు, మరువలేదు, ఓర్వలేకపోనూ లేదు. ఆయన చేసినవి రెండు. స్నేహితుడి జబ్బును పద్నాలుగు నెలలకు పైగా ఇంటివాళ్ళకు తెలియకుండా దాచాడు. చెప్పగల అవకాశం రెండుసార్లు చేతికందినా జారవిడిచాడు. అది తప్పు. దాని ఫలితం అనుభవించినది ఆయన కాదు. ఒక మధ్యాహ్నం ఆ స్నేహితుడు నలుగురిలో నవ్వులపాలు కాకుండా, జీవితంలో ఒక్కసారి వచ్చిన వేషాన్ని వదులుకుని, నింద తన మీద వేసుకున్నాడు. దాని ఫలితం మొత్తం ఆయనే అనుభవించాడు. రెండూ తెలిసే చేశాడు.