మాస్టారు పెట్టిన గడి, నేను తీయించిన గడి

మాస్టారు పోయారన్న సంగతి నాకు మూడోనాడు గానీ తెలియలేదు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాల నీడన కూర్చుని ఉంటే మా పాత గుమస్తా వచ్చి చెప్పాడు. "బ్రాడీపేట కంప్యూటర్ మాస్టారు లేరూ, పోయారంట మేస్త్రీ. గుండెపోటంట." వాడు ఇంకేదో చెబుతూనే ఉన్నాడు. నాకు వినపడలేదు.

నేను రాత మనిషిని కాను. సంతకం చేస్తాను, పేపరు కూడబలుక్కుని చదువుతాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి వారం పట్టింది. ఇంకొకరి చేత రాయించవచ్చు. కానీ నేను చేసిన పనిని నా చేత్తోనే రాయాలనిపించింది.

మాస్టారు బడిపంతులు కాదు. బ్రాడీపేటలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. కంప్యూటర్లొచ్చి అది మూతపడితే, యాభై దాటాక ఆ కంప్యూటరే నేర్చుకుని మా కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో చేరారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. నేనక్కడ హమాలీల మేస్త్రీని. ముప్పై మంది నా మాట మీద బస్తా ఎత్తేవాళ్ళు. రైతు తెచ్చిన కాయ విరిచి, వాసన చూసి, రకం చెప్పేదీ నేనే.

ఆయన కీబోర్డును కూడా పాత టైపు మిషను లాగే దబదబా కొట్టేవారు. మిరప ఘాటుకు తుమ్మినప్పుడల్లా "క్షమించాలి" అనేవారు, గదిలో ఎవరూ లేకపోయినా. నేను నవ్వేవాణ్ణి.

సరుకు రాసుకోవడానికి ఎక్సెల్‌లో ఒక ఫారం తయారు చేశారు. రకం అన్నచోట బాణం గుర్తు నొక్కితే పేర్ల పట్టీ కిందికి జారేది. తేజ, సన్నం, బాడిగ, తాలు, అన్నీ. అందులో ఒకటి ఎంచుకోవాలి. పట్టీలో లేని పేరు కొడితే తీసుకోదు. ఆ పేర్లన్నీ చెప్పింది నేనే. మూడు రోజులు బస్తాల మీద నా పక్కన కూర్చుని రాసుకున్నారు.

"పేర్లు ఈ ఫారంలో ఉండవు మేస్త్రీ, పక్క షీటులో ఉంటాయి. ఫారం తెరిచినప్పుడల్లా నేను రాసిన మాక్రో, అంటే చిన్న ప్రోగ్రాము, పైనుంచి ఒక్కో గడీ చదువుకుంటూ, ఖాళీ గడి వచ్చేదాకా పోయి, పేర్లన్నీ తెచ్చి ఇందులో పోస్తుంది. కొత్త రకం వస్తే అక్కడ చివర రాస్తే చాలు."

బాగానే ఉంది. పట్టీ మొత్తం చదవమన్నాను. చదివారు. ఆఖరున "రకం తెలియదు" అని ఒకటి వచ్చింది.

"ఏంది మాస్టారూ, నాకు తెలియని కాయ ఉందంటారా?"

"ఇప్పుడు లేకపోవచ్చు. రేపు రావొచ్చు గదా. తెలియనిదానికి చోటు పెట్టకపోతే, తెలిసిన పేర్ల చేతే అబద్ధం చెప్పించాల్సి వస్తుంది."

గుమ్మంలో నిలబడ్డ మా హమాలీ ఒకడు అరిచాడు. "ఒరేయ్, మన మేస్త్రీకి తెలియదని కంప్యూటర్లో ఎక్కించారంట రోయ్!" అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. బయట లారీలు బారు తీరి ఉన్నాయి. అది తీసేదాకా కాయ ముట్టనని కూర్చున్నాను. ఓనరు వచ్చి తీసెయ్యమన్నాడు. మాస్టారు ఆ గడి చెరిపి, ఫారం మళ్ళీ తెరిచి, "చూసుకోండి మేస్త్రీ, లేదు" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. నేను మీసం దువ్వుకున్నాను.

ఆ సీజన్లోనే కనిగిరి వైపు రైతు ఒకాయన లోడు తెచ్చాడు. "కొత్త విత్తనం మేస్త్రీ. పేరు నాకూ తెలవదు" అన్నాడు. విరిచి చూశాను. నాకూ తెలియలేదు. నిజం చెబుతున్నాను, తెలియలేదు. చుట్టూ నా మనుషులున్నారు. "తేజే. ఎక్కించండి" అన్నాను.

మాస్టారు నా మొహం చూశారు. "ఖాయమేనా మేస్త్రీ?"

"నా ముక్కు మీదే అనుమానమా?"

ఆయన బాణం నొక్కి తేజ ఎంచారు. బస్తాలు తేజ గదిలోకి పోయాయి.

నాలుగు నెలలకు కొనుగోలుదారుడు మూటలు విప్పించి, ఇది తేజ కాదని సరుకంతా వెనక్కి కొట్టాడు. ఆ రైతు ఆఫీసులో నేల మీద కూలబడ్డాడు. "ఏడాది కష్టమయ్యా! నేను తేజ అని చెప్పానా? ఎవరు చెప్పారయ్యా మీకు?"

ఓనరు కూడా అదే అడిగాడు. "ఎవరు ఎంచారిది?"

నేను గుమ్మంలోనే ఉన్నాను. నా వెనక ముప్పై మంది. మాస్టారు ఒక్కసారి నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను.

"నేనే అండి. పట్టీలో పక్క పేరు మీద నొక్కి ఉంటాను."

మర్నాటి నుంచి రావద్దన్నాడు ఓనరు. మాస్టారు సంచీ తగిలించుకుని వెళుతూ నా దగ్గర ఆగారు. "మీ మాట పోతే ఇక్కడ పని జరగదు మేస్త్రీ. నాకు ఇంకోచోట దొరుకుతుందిలే."

దొరకలేదు. తర్వాత ఒకసారి బ్రాడీపేటలో జిరాక్స్ కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని ఎవరికో అప్లికేషన్ నింపుతూ కనిపించారు. నేను పక్క సందులోకి తిరిగిపోయాను. కాయ విరిచి రకం చెప్పే మొనగాణ్ణి, ఆ మనిషి ఎదురుగా నడవలేకపోయాను.

పోయారని తెలిసిన మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. కోల్డ్ స్టోరేజీ మేస్త్రీనని చెబితే ఆయన భార్య కుర్చీ వేసింది.

"మేస్త్రీ గారంటే మీరేనా అండీ? వాసన చూసి పొలం ఏ ఊరిదో కూడా చెబుతారనేవారు మీ గురించి."

ఇక కూర్చోలేకపోయాను. లేచి నిలబడే చెప్పాను. "అమ్మా, ఆ రోజు తేజ అన్నది నేను. ఆయన తప్పేం లేదు. ఓనరు అడిగితే నోరు మూసుకున్నాను."



"నాతో కూడా తన తప్పేనన్నారండీ" అంది ఆమె. "ఇంట్లో ఏది లేకపోయినా ఆ మాటే ఎత్తి దెప్పేదాన్ని. చూసి నొక్కడం కూడా చేతగాలేదా అని. మొన్న పోయే ముందు రోజు కూడా అన్నాను."

లోపలికి వెళ్ళి కాఫీ తెచ్చి, నా చేతికి ఇవ్వకుండా బల్ల మీద పెట్టింది. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. నేను కూర్చోనూ లేదు, వెళ్ళనూ లేదు. కాఫీ మీద మీగడ కట్టింది. తాగమని ఆమె అనలేదు.