టిష్యూ ప్యాకెట్ రాజు

నేను ఇంతవరకు ఏదీ రాయలేదు. కానీ ఈ ఆంటీ గురించి చెప్పాలనిపించింది.

సింగపూర్ వచ్చిన కొత్తలో నాకు డెంగీ వచ్చింది. కొన్నాళ్లు పనికి వెళ్లొద్దన్నాడు డాక్టర్. నా ఫోర్క్‌లిఫ్ట్ ఇంకొకడికిచ్చి, నన్ను ఊరికి పంపేస్తారని ఒకటే భయం. యీషున్‌లో క్లినిక్ నుంచి వస్తూ హాకర్ సెంటర్‌లో గంజి కొనుక్కుని, ఖాళీ కుర్చీలో కూర్చోబోయాను.

"తమ్ముడూ, టిష్యూ ప్యాకెట్ కనబళ్లేదా? అది పెట్టి ఆ సీటు చోప్ చేశారు, అంటే ఆపుకున్నారు. వాళ్లొచ్చేదాకా ఎవరూ కూర్చోరు. ఇటు రా," అంది పక్క టేబుల్ ఆంటీ. మన తెలుగావిడే.

"గింత ప్యాకెట్‌కు కుర్చీ ఆగుతదా ఆంటీ? జ్వరమొస్తే నా సీటే ఆగేటట్టు లేదు."

ఆవిడ నవ్వింది. మ్యూనిక్‌లో కూతురి దగ్గరికి వెళ్లినప్పుడు విన్న సంగతి చెప్పింది. "అక్కడ పూర్వం ఓ రాజుకి మతి చెడింది. ఒక్కరోజూ ఏలలేదు. ఆయన్ని ఓ భవనంలో ఉంచి, బాబాయి రాజ్యం నడిపాడు. అయినా ఏళ్ల తరబడి రాజు ఆయనే. నాణేల మీద బొమ్మా ఆయనదే."

"అంటే సింహాసనం మీద రాజును టిష్యూ ప్యాకెట్ లెక్క పెట్టిన్రు."

"అంతే. నువ్వు జ్వరానికే బెంగపడుతున్నావు," అంటూ తన ప్యాకెట్ ఒకటి నా చేతిలో పెట్టింది.

మర్నాడు క్రాంజీలో మా యార్డుకి వెళ్లి, దాన్ని ఫోర్క్‌లిఫ్ట్ సీటు మీద పెట్టి వచ్చాను. అందరూ నవ్వారు. జ్వరం తగ్గి పనికి వెళ్తే అది అక్కడే ఉంది, అప్పడంలా నలిగిపోయి. దాని మీద కూర్చుని బండి తోలిన బాబాయి ఎవరో నేను అడగలేదు. దులిపి జేబులో పెట్టుకుని బండెక్కాను.