కిరసనాయిలు వాసన

మా మావయ్య ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఫిట్టరు. గ్రీజు చేతుల్ని కిరసనాయిలుతో కడుక్కుని ఇంటికొచ్చేవాడు. కుళాయి బాగుచేసినందుకు పక్కనే హిజ్లీలో కాపురమున్న మెక్సికో దొరసాని, వాళ్ళు చిక్కుడుగింజల్లో వేసుకునే ఆకు విత్తనాలు ఇచ్చింది.

మొక్క ఎదగగానే ఆకు నలిపి నా ముక్కు దగ్గర పెట్టేవాడు. "ఏటి వాసన?"

"కిరసనాయిలు."

సబ్బుతో చేతులు తోముకొచ్చి మళ్ళీ నలిపేవాడు. అదే వాసన.

"కిరసనాయిలు స్టవ్వు కడిగిన నీళ్ళు మడిలో పోసినావేటే?" అని అత్తయ్య మీద విరుచుకుపడేవాడు.

"నాను పొయ్యనేదు" అని ఆవిడ మొత్తుకున్నా వినకుండా మొక్కలు పీకేసి, మట్టి మార్చి మళ్ళీ విత్తేవాడు. మూడుసార్లూ ఇదే గొడవ. నాకే విసుగొచ్చేది.

విత్తనాలన్నీ అయిపోయాక దొరసాని వచ్చింది. చెత్తకుప్పలోని వాడిన కొమ్మ తీసి వాసన చూసి, వచ్చీరాని హిందీలో పొంగిపోయింది. ఆ ఆకు అసలు వాసనే అదట, అచ్చం వాళ్ళమ్మ వంటింటి వాసనట!

అత్తయ్య లోపలికెళ్ళి స్టవ్వు కడిగి, ఆ నీళ్ళు తెచ్చి, మావయ్య చూస్తుండగా ఖాళీ మడిలో పోసింది.