గురప్ప సారు డజను తువ్వాళ్లు

గురప్ప సారుకు ఖాళీ కుర్చీ కనబడితే చేయి ఊరుకోదు. భుజం మీది తువ్వాలు తీసి దాని మీద వేసేస్తారు. ఆ కుర్చీ ఎవరిది, అసలు అక్కడ కూర్చోవలసిన పని ఎవరికైనా ఉందా, ఇవేవీ ఆయనకు పట్టవు. సీటు పట్టేశారు, అంతే.

తప్పంతా మా బస్టాండ్లది. ఆయన ఇల్లు పుంగనూరులో, ఉద్యోగం కుప్పంలో, డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. పదహారేళ్లపాటు ప్రతి సోమవారం పొద్దున పుంగనూరులో ఒక బస్సు ఎక్కి, పలమనేరులో దిగి, కుప్పం బస్సు మారిన మనిషి. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసరాలి. అది ఏ సీట్లో పడితే ఆ సీటు విసిరినవాళ్లది. మా వైపు దీన్ని కాదన్న మగాడు పుట్టలేదు. ఇంగ్లండులో కూడా ఇదే చట్టమని సారు గట్టి నమ్మకం.

1998లో మేమిద్దరం అక్కడి ఒక యూనివర్సిటీలో చేరాం. నా పేరు ఉషారాణి, మాది మదనపల్లె, కుప్పంలో ఆయన శిష్యురాలిని. ఇద్దరమూ పరిశోధన చేసుకుంటూ మొదటి సంవత్సరం పిల్లలకు పాఠాలు చెప్పాలి. ఆయన ల్యాబులో ఫిజిక్సు, నేను లెక్కలు. నలభై నాలుగేళ్ల వయసులో సెలవు పెట్టి చదువుకోవడానికి వచ్చిన సారును చూస్తే నాకెంత గౌరవమో చెప్పలేను. ఆయన పెట్టె తెరిచినప్పుడు మాత్రం గుండె జారిపోయింది. పుంగనూరులో హనీఫ్ కొట్లో కొన్న ఎర్రగళ్ల తువ్వాళ్లు, సరిగ్గా డజను.

"ఆ దేశంలో రద్దీ ఎట్లుంటుందో ఏమో సారూ, డజనన్నా లేకపోతే యాడ సరిపోతాయి అన్నాడమ్మా హనీఫు" అన్నారాయన.

మొదటి వారమే సిటీ బస్సు ఎక్కాల్సి వచ్చింది. దాని కిటికీలు తెరుచుకోవు. సారు ఒక్క క్షణం తికమకపడి, తలుపు తెరుచుకోగానే లోపలికి విసిరారు. తువ్వాలు వెళ్లి డ్రైవరు ఒళ్లో పడింది. బస్సు మొత్తానికి ఒక ముసలామె, ఆమె కుక్క. డ్రైవరు తువ్వాలును చక్కగా మడతపెట్టి, థాంక్యూ చెప్పి మరీ తిరిగిచ్చాడు. సారు నా చెవిలో, "మంచోడేనమ్మా, కానీ సీటు మాత్రం ఇడవలే" అన్నారు.

ఆ తర్వాత లైబ్రరీ. ఆ తర్వాత హాస్టల్లో బట్టలుతికే మిషను. ఒకసారి చర్చి ముందు బెంచీ, అదీ వానలో. పొద్దున ఎనిమిదింటికి క్యాంటీనులో కిటికీ పక్క నాలుగు కుర్చీలకు ఎర్రగళ్లు పడిపోయేవి. పోయిన వస్తువులు దాచే ఆఫీసులో ఒక పెద్దావిడ ఉండేది. రోజూ ఎవరో ఒకరు తువ్వాలు తెచ్చి ఇస్తుంటే విసిగి, సారు కోసం గోడకు వేరుగా ఒక కొక్కెం కొట్టించింది. పోనీ, అంత కష్టపడి పట్టిన సీట్లో ఆయన కూర్చుంటారా అంటే అదీ లేదు. ట్రే పట్టుకుని ఎవరైనా దిక్కులు చూస్తుంటే పిలిచి కూర్చోబెట్టి తను నిలబడి తినేవారు. ఇదేం పిచ్చిరా భగవంతుడా అనుకునేదాన్ని.

ఆ పిచ్చి నా తరగతి దాకా వచ్చింది. సోమవారం తొమ్మిదింటికి నా మొదటి పాఠం. వెళ్లేసరికి ముందు వరస పొడవునా తువ్వాళ్లు, పక్కన నవ్వుతూ గురప్ప సారు. వచ్చిన ప్రతి పిల్లవాడినీ చేయి పట్టి ముందుకు తేబోయారు. వాళ్లు బెదిరి వెనక గోడకు అతుక్కుపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది. పాఠం అయ్యాక, "మీకు దండం పెడతా, ఇంక మీరు నా క్లాసుకు రావద్దు సార్" అనేశాను. సారు తువ్వాళ్లన్నీ మడతపెట్టుకుని, "సరేమ్మా" అని వెళ్లిపోయారు.

సారు రావడం మానేశారు. పిల్లలు కూడా మానేశారు. నా ఇంగ్లీషు వాళ్లకు అర్థం కాలేదు, వాళ్లది నాకు కాలేదు. పద్దెనిమిది మంది కాస్తా ఫిబ్రవరికి నలుగురయ్యారు. మా డిపార్ట్‌మెంటు పెద్దాయన పిలిచి, వచ్చే సోమవారానికి కనీసం పదిమంది లేకపోతే క్లాసు ఎత్తేస్తామన్నాడు. క్లాసు పోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే చదువు సగంలో ఆపి మదనపల్లె పోవాలి. మా వీధిలో ఎవరికీ తెలియని చదువు కోసం ఇంట్లో ఎంతమందితో పోట్లాడి వచ్చానని. చస్తే పోను అనుకున్నాను. పాఠం మొత్తం తిరగరాశాను. నాలుగు రోజులు అద్దం ముందు నిలబడి మెల్లగా మాట్లాడడం నేర్చుకున్నాను. నోటీసు బోర్డులో రమ్మని రాశాను. దారిలో కనబడిన ప్రతివాడినీ అడిగాను. అందరూ తప్పకుండా వస్తామన్నారు. అక్కడ ఆ మాటకు రామని అర్థమని నాకప్పటికే తెలుసు.

శుక్రవారం మధ్యాహ్నం హాస్టల్ వంటింట్లో సారు సంగటి గెలుకుతుంటే నా బాధంతా చెప్పుకున్నాను. ఆయన కట్టె ఆపకుండా విని, "ఆ రూములో కిటికీ యా పక్క ఉండాదమ్మా?" అని అడిగారు. మనిషి మునిగిపోతుంటే కిటికీ గొడవేంటని చిర్రెత్తి లేచిపోయాను.

సోమవారం తలుపు తీశాను. కిటికీ పక్క పన్నెండు కుర్చీలు, పన్నెండు ఎర్రగళ్ల తువ్వాళ్లు. ప్రతిదానికీ గుండుసూదితో ఒక కాగితం, దాని మీద సారు గుండ్రటి అక్షరాలతో ఒక్కో పేరు. నా ఒళ్లు మండిపోయింది. అన్నీ ఊడపీకుదామని చేయి వేశానో లేదో, ఒక పొడుగాటి అమ్మాయి రొప్పుతూ వచ్చి, ఆలస్యమైందా, నాకోసం సీటు ఉంచారట, ఏది అని అడిగింది. తన పేరు చూసుకుని, తువ్వాలు జాగ్రత్తగా మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వెనకే ఇంకొకడు, ఆ వెనక ఇద్దరు.

సంగతి వాళ్ల నోటనే తెలిసింది. శుక్రవారం సాయంత్రం సారు తన ల్యాబుకు వస్తూ నా క్లాసు మానేసిన పిల్లలను ఒక్కొక్కరినే కలిశారట. మీకు సీటు పట్టాను, చాలా కష్టమైంది, మీరొచ్చేదాకా ఎవరినీ కూర్చోనివ్వను అన్నారట. ఆ గదిలో నలభై కుర్చీలున్నాయి. అయినా ఒక పెద్దమనిషి తమ కోసం సీటు ఆపాడంటే రాకుండా ఉండే ధైర్యం ఆ దేశంలో ఎవరికుంది? తొమ్మిదికల్లా పన్నెండు మందీ దిగారు. డిపార్ట్‌మెంటు పెద్దాయన తలుపులోంచి తొంగి చూసి, లెక్కపెట్టుకుని, తల ఊపి వెళ్లాడు.

నేను మెల్లగా పాఠం మొదలుపెట్టాను. పావుగంటకు వెనకబెంచీ రకం ఒకడు ప్రశ్న అడిగాడు. నాకు అర్థమైంది. నా జవాబు వాడికీ అర్థమైంది. ఇంక ఈ క్లాసు ఎవడు ఎత్తేస్తాడో చూద్దాం అనుకున్నాను.

అప్పుడు తలుపు అద్దంలోంచి గురప్ప సారు కనబడ్డారు. బయట మంచు. వరండాలో చేతులు కట్టుకుని వణుకుతున్నారు, జుట్టులోంచి నీళ్లు కారి కాలరు తడిసిపోతోంది. పరుగున వెళ్లి ఇదేంటని అడిగాను.

"స్నానం చేసినానమ్మా. తుడుసుకునేదానికి ఏమీ లేకపోయె."

"లోపలికి రావచ్చు గదా సార్."

"నువ్వు రావద్దంటివి గదమ్మా. అందుకే వాటిని పంపించినా."

నాకు కుప్పం చదువు గుర్తొచ్చింది. పలమనేరులో కుప్పం బస్సు ఎంత కిక్కిరిసినా, మూడేళ్లూ నాకు సీటు దొరికేది. ఎర్రగళ్ల తువ్వాలు తీసి, "కూర్చోమ్మా, పుస్తకం చదువుకో" అనేవారు సారు. నా అదృష్టమని అనుకునేదాన్ని, ఎంత మొద్దునో.

లోపలికి వెళ్లి, నా శాలువా తీసి నా కుర్చీ మీద వేశాను. "రండి సార్, సీటు పట్టినాను" అన్నాను.

ఆయన ఆ శాలువా వైపు, నా వైపు అనుమానంగా చూశారు. పొడుగాటి అమ్మాయి తన తువ్వాలు అందిస్తే తల తుడుచుకున్నారు. క్లాసంతా చూస్తుండగా మెల్లగా కూర్చుని, శాలువా భుజాల చుట్టూ కప్పుకున్నారు. రెండు నిమిషాలకే కళ్లు మూతలు పడ్డాయి.

"పలమనేరు వస్తే లేపమ్మా" అన్నారు.

పాఠం పదింటికి అయిపోయింది, సారును లేపలేదు. పలమనేరు పదింపావుకు వచ్చింది.