రజియా తాగని నీళ్లు

మొన్న శుక్రవారం సాయంత్రం ఆరు గంటల ఇరవై నిమిషాలకు, సుబేదారిలోని మా ఇంట్లో, మనుమరాలు తన స్నేహితురాలు పంపిన ఖర్జూరపు పండు తెచ్చి నా అరచేతిలో పెట్టింది. ఆ వాసన తగలగానే అరవై నాలుగేళ్ల కిందటి ఇంకొక శుక్రవారం, సరిగ్గా అదే వేళ, నా ముందుకు వచ్చి నిలబడింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. వరంగల్ బజారులో మాది కిరాణా దుకాణం. బెల్లం, ఎండుమిర్చి, గోనెసంచుల వాసన మా బట్టలకు కూడా పట్టి ఉండేది. పక్క ఇల్లు దర్జీ వాళ్లది, ఆ ఇంటి పిల్ల రజియా నా ఈడుదే. వాళ్ల మిషన్ కింద రాలిన పీలికలతో బొమ్మలు చేయడం, మా దుకాణంలో రాలిన చింతగింజలతో అష్టాచెమ్మా ఆడడం, ఒకే పలక మీద చెరో పక్క రాసుకోవడం, అదే మా లోకం.

ఆ ఏడు రంజాన్ నెలలోనే శివరాత్రి వచ్చింది. మొదటిసారి ఒక్కరోజు రోజా ఉండబోతున్న రజియా నాతో బేరం పెట్టింది. "నా రోజా నువ్వు గూడ ఉండు సుగుణా, నీ శివరాత్రి ఒక్కపొద్దు నేను గూడ ఉంట."

ఆ శుక్రవారం ఇద్దరం రోజా ఉన్నాం. మధ్యాహ్నం రెండున్నర దాకా ఓర్చుకున్నాను. అప్పుడు దుకాణం వెనక గదిలో, ఎవరూ లేకుండా చూసి, ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకుని కుండలోంచి రెండు గుక్కల నీళ్లు తాగాను. సాయంత్రం రజియా తల్లి ఇద్దరి మెడల్లో గులాబీ దండలు వేసి, మొదటి ఖర్జూరం నాకే తినిపించింది.

"చూసినవా అమ్మీ, సుగుణ నీళ్ల సుక్క గూడ ముట్టలే!" అని రజియా గొప్పగా చెప్పింది. నేను తల దించుకున్నాను. అందరూ సిగ్గనుకున్నారు.

శివరాత్రి వచ్చింది. మా ఇంట్లో ఒక్కపొద్దంటే అన్నం మానడమే, పండ్లకూ నీళ్లకూ అడ్డులేదు. నిప్పుల్లో మోరంగడ్డలు, అదే చిలగడదుంపలు, కాలుతున్న తియ్యని వాసన ఇల్లంతా కమ్ముకుంటుంటే రజియా మా అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుంది. పెదవులు ఎండి పగిలాయి.

"సాయిబుల పిల్లకు శివుని ఒక్కపొద్దేందే? జర నీళ్లన్న తాగు బిడ్డా, శివుడేమన్న కొడ్తడా?" అన్నది మా నాయనమ్మ.

"సుగుణ నా రోజాకు తాగలే గదవ్వా. నేనెట్ల తాగుత?"

నీళ్ల గ్లాసు నా చేతిలోనే ఉంది. ఆ రోజు నేను తాగానని ఒక్క మాట చెబితే ఆమె దాహం తీరేది. గడియారం చూశాను. మూడు గంటల పది నిమిషాలు. దీపం పెట్టడానికి ఇంకా మూడు గంటలుంది. గ్లాసు తీసుకుపోయి నీళ్లు తులసి మొదట్లో పోశాను.

దీపం పెట్టాక నాయనమ్మ అన్నింటిలోకీ పెద్ద మోరంగడ్డ ఏరి, పొట్టు తీసి రజియాకిచ్చింది. తను కొరకకుండానే సగం విరిచి ముందు నా నోట్లో పెట్టింది రజియా.

పరీక్షలు కాగానే దర్జీ వాళ్లు మిషన్ బండికెక్కించుకుని ఔరంగాబాదు వెళ్లిపోయారు. మళ్లీ మేం కలవలేదు.

"తినవా నానమ్మా?" అని మనుమరాలు అడుగుతున్నది. పండు ఇంకా నా చేతిలోనే ఉంది.

పోయినవి ఇవి. దుకాణం ఒకటి, దర్జీ ఇల్లు ఒకటి, రెండింటి చోటా ఇప్పుడు ఒకే మేడ. స్నేహితురాలు ఒకతె. నిజం చెప్పడానికి దొరికిన రోజులు, శివరాత్రి మర్నాటి నుంచి బండి కదిలే దాకా, నలభై మూడు.