బావ బండికి వెనక రెండు టైర్లు

పన్నెండేళ్ళకు పైగా రెండు టైర్లు మోస్తున్నాను. గుండెల మీద కుంపటి మోశామని, కొండ మోశామని రాసేవాళ్ళుంటారు. నా బరువుకు అంత సాహిత్యం లేదు. రెండు టైర్లు, అలాయ్ రిమ్ములతో సహా.

మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీరు నన్ను చూడలేదు. చూసినవాళ్ళకు ఒకసారి చెప్పాను. వాళ్ళేం చేశారో చివర్లో చెప్తాను.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. మా అక్క భర్తకు, అంటే మా బావకు, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. పోచంపల్లి మనిషి. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పెరిగినవాడు కాబట్టి ఎత్తుగా ఉండే ఏ వస్తువన్నా మోజు. ఆ మోజుతోనే ఒక సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ కొన్నాడు. నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే రకం. కొండలెక్కుతుందట. మా వీధిలో ఎక్కడానికి ఉన్నవి స్పీడ్ బ్రేకర్లే.

అంతలో ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటా వార్పు అన్నారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తిని, రాకపోకలు ఆపడం. ఇంతకన్నా రుచిగల నిరసన ప్రపంచంలో ఇంకెవరికీ తట్టలేదని నా నమ్మకం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వెళ్ళే ఊరేగింపుకు ముందు బావ బండి నడవాలని దుకాణాలవాళ్ళు తీర్మానించారు. ఆ మాటతో బావ తనే నాలుగంగుళాలు ఎత్తయ్యాడు. బండి కూడా ఎత్తవ్వాలన్నాడు. పెద్ద చక్రాలు వేయించాలి, ఎంచే పని బామ్మర్దిది. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను కదా. అబద్ధం కాదు. యంత్రాల పేపరునైతే మూడోసారి చదువుతున్నాను. ఆ సంగతి ఇంట్లో తెలియదు.

ఎల్‌బీ నగర్‌లో సుబ్బారావు గారి టైర్ల షాపు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయింది. బావ స్కూటర్ కాలం నుంచీ మా వీధి బండ్లన్నీ ఆయన చేతిలోనే. నేను అడిగిన పెద్ద సైజు ఆయన దగ్గర రెండే ఉన్నాయి. మిగతా రెండు రావాలంటే వారం. బంద్‌లతో లారీలు తిరగడం లేదు. నాకు వెంటనే ఒక ఆలోచన తట్టింది. (తట్టినప్పుడు నన్ను ఎవరైనా కొట్టి ఉండాల్సింది.) ఆ రెండూ వెనక వేస్తే? వెనక ఎత్తుగా, ముందు వంగి, దూకబోయే పులిలా ఉంటుంది. ఇప్పుడు ఫొటోల్లో చూస్తే తొట్టిలో నీళ్ళు తాగే మేకలా ఉంది. అది వేరే విషయం.

ఆయన సుద్దముక్క తీశాడు. ముందు టైరు మీద ఒక గుర్తు, నేల మీద ఒక గుర్తు పెట్టి, ఒక చుట్టు దొర్లించి మళ్ళీ గీత గీశాడు. వెనక వేయబోయే పెద్దదాన్నీ అక్కడినుంచే దొర్లించాడు. రెండు గీతల మధ్య దగ్గర దగ్గర జానెడు.

"చూశారా బాబూ. ఒక్క చుట్టుకే ఇంత తేడా. మామూలు బండైతే లాగేస్తుందేమో గానీ, దీనికి నాలుగు చక్రాలూ లోపల ఒకదానికొకటి ముడేసి ఉంటాయి. ముందువి ఒక లెక్కన, వెనకవి ఇంకో లెక్కన తిరిగితే లోపల పళ్ళు కొరుక్కుంటాయి. వారం ఆగండి, నాలుగూ ఒకటే తెప్పిస్తాను."

"వారం ఆగితే ఎట్ల అంకుల్? ఎల్లుండే ర్యాలీ."

"అయితే పాతవాటితోనే వెళ్ళండి. టైర్లు చూసి రాష్ట్రం ఇస్తారా ఏంటి?"

"గట్లనకుండ్రి. ఉద్యమం బండి, బిగియ్యనంటే బయట ఏమనుకుంటరు? నేను ఇంజనీరింగ్ చదువుతున్న. ఏమన్నైతే జిమ్మేదారి నాది."

ఆయన నట్లు బిగించే పాన అందుకున్నాడు.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఆయనను ఒప్పించింది నా ఇంజనీరింగ్ కాదు. బయట ఏమనుకుంటారన్న మాట. ఆ రోజుల్లో, గుంటూరు నుంచి వచ్చినవాడు ఈ ఊళ్ళో ఆ మాటకు ఎంత భయపడతాడో నాకు తెలియదా? తెలుసు. ఆయన ముఖంలో ఆ భయం చూశాను. చూసి జాలిపడ్డానా? లేదు. పని అవుతుందని సంతోషపడ్డాను.

ఊరేగింపు రోజు. ఆ రోజు గురించి తక్కువ చేసి చెప్పడం నాలాంటివాడి వల్ల కూడా కాదు. డప్పులు, జెండాలు, నెత్తిన గిన్నెలతో ఆడవాళ్ళు, పాటలు. అందరికన్నా ముందు మా మేక. సారీ, పులి. చౌరస్తాలో బండిని పక్కకు తిప్పి పెట్టాలి. బావ స్టీరింగ్ మొత్తం తిప్పాడు. బండి రెండుసార్లు ఎగిరింది. లోపల ఏదో పటపటమంది. కాలిన వాసనొచ్చి, విజయవాడ రోడ్డుకు సరిగ్గా అడ్డంగా ఆగిపోయింది.

ఒక్క క్షణం డప్పులు కూడా ఆగాయి. తర్వాత ఎవరో అరిచారు, అన్న సొంత బండి అడ్డం పెట్టిండని. అంతే. ఆ చౌరస్తా అంత సంతోషపడటం నేను అంతకుముందు చూడలేదు. బానెట్ మీద జెండా లేచింది. పోలీసాయన వచ్చి బండి తీయమంటే, బావ నోరు తెరిచేలోపే వెనక నుంచి జనం, తియ్యడు అన్నారు. బావ నోరు మూసుకున్నాడు. ఆయన జీవితంలో అంత గొప్ప ఉపన్యాసం మళ్ళీ ఇవ్వలేదు. బండి చుట్టూ పొయ్యిలు వెలిగాయి. దాని నీడలోనే మూడొందల మందో నాలుగొందల మందో కిచిడీ తిన్నారు. నేనూ తిన్నాను. గెలిచినట్టే ఉంది.

సంగతి తెలిసి సుబ్బారావు గారు జాకీ పట్టుకుని వచ్చాడు. ఎక్కడివాడని అడగకుండా ఎవరో పెద్దమ్మ ఆయన చేతిలో విస్తరి పెట్టింది. ఒక చేత జాకీ, ఒక చేత విస్తరి. ఆయన కూడా నవ్వాడు.

సాయంత్రం జనం పలచబడ్డాక, ఆ రెండు టైర్లూ విప్పి పాతవి బిగిస్తున్నాడు. బావ మెడలో దండ ఇంకా వాడలేదు. స్నేహితులు చుట్టూ ఉన్నారు. బావ నావైపు తిరిగి, గీ సైజు ఎవరు చెప్పిన్రని అడిగాడు.

యంత్రాల పేపరు గుర్తొచ్చింది. అక్క ముఖం గుర్తొచ్చింది.

"అంకులే బావా. ఏం గాదన్నడు."

పాన ఆయన చేతిలో ఆగింది. తల ఎత్తి నన్ను చూశాడు. పదిమంది జెండాలతో నిలబడ్డ చోట గుంటూరు యాసలో ఏం చెప్పినా అది రాజకీయమే అవుతుంది. అందుకని మళ్ళీ తల దించి, మిగిలిన నట్లు బిగించాడు. ఆంధ్రాయన కావాలనే చేసిండని నేను అనలేదు. ఎవరో అన్నారు. నేను కాదనలేదు. ఈ రెంటికీ మధ్య ఎంత దూరముందో సుద్దముక్కతో కొలవమంటే, జానెడు కూడా ఉండదు.

బండి ఆగినందుకు దండ బావ మెడలో, నింద ఆయన మెడలో. మా వీధి బండ్లు ఆ షాపుకు వెళ్ళడం మానేశాయి. ఏడాది తిరక్కుండా ఆయన షాపును అబ్దుల్లాపూర్‌మెట్ దాకా, హైవే పక్కకు మార్చుకున్నాడు. అక్కడ ఒక బోర్డు పెట్టాడు: నాలుగు చక్రాలూ ఒకే సైజు అయితేనే బిగించబడును. దారిన పోయేవాళ్ళకు అది షాపు నియమం. నాకు అది నా మీద రాసిన ఛార్జిషీటు. అటు వెళ్ళినప్పుడల్లా ఫోన్ చూసుకుంటాను.

రాష్ట్రం వచ్చింది. నా పేపరు కూడా అయిదోసారికి వచ్చింది. బావ కాలనీ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ప్రతి జూన్‌లో అవతరణ దినోత్సవం వేదిక మీద ఆ రోజు కథ చెప్తాడు. ఏటేటా బండి ఇంకొంచెం ధైర్యంగా ఆగుతుంది. ఈసారి సాక్షిగా నన్ను పిలిచి మైకిచ్చాడు. ఎందుకో, చెప్పేశాను. బండి ఆపలేదు, ఆగిపోయిందన్నాను. సైజు ఎంచింది నేనన్నాను. సుబ్బారావు అంకుల్ వద్దన్నా వినలేదన్నాను.

జనం విరగబడి నవ్వారు. ఈల కూడా పడింది. బావ కళ్ళు తుడుచుకుంటూ, మా బామ్మర్ది ఉంటే వేరే కామెడీ ప్రోగ్రాం అక్కర్లేదన్నాడు.

జీవితమంతా ప్రతి ఏడుపునూ జోకు చేసినవాడికి ఇంతకన్నా తగిన శిక్ష ఉంటుందా? అందుకే రాస్తున్నాను. మైకుకు గొంతుంటుంది, నా గొంతును ఎవరూ నమ్మరు. కాగితానికి ముఖం లేదు. ఇక్కడిదాకా రాసి రెండు కాపీలు తీశాను. ఒకటి చీరల దుకాణం గల్లా మీద పెట్టి వచ్చాను. రెండోది ఈ ఉదయం హైవే పక్కన, ఆ బోర్డు కింద నిలబడి ఆయన చేతికిచ్చాను. కళ్ళద్దాలు వెతుక్కుంటున్నాడు. చదివేదాకా ఆగలేదు. క్షమించమని అందులో రాయలేదు. అది అడిగే సైజు నాది కాదు.

తిరిగి వస్తుంటే ఎల్‌బీ నగర్ చౌరస్తా వచ్చింది. నా బండి అక్కడ ఒక్క కుదుపు లేకుండా తిరిగింది. డప్పులు లేవు, దండ లేదు. అయినా ఆ రోజు కిచిడీ తిన్నప్పటికన్నా ఎక్కువ గెలిచినట్టుంది.

ఆ టైర్లు ఎంచింది నేను. వద్దంటే బిగించమన్నది నేను. జిమ్మేదారి నాది.

నవ్వొస్తే నవ్వుకోండి. కానీ నమ్మండి.