తరుగు లేని తూకం

తొంభైల చివర్లో, వరి మళ్లు ప్లాట్లుగా మారుతున్న రోజుల్లో, బాన్సువాడ పిట్లం రోడ్డు వైపు కాళ్లు చాపుకుంది. కొత్త ఇళ్లకు కరెంటు వచ్చింది. నల్లా వస్తానని మాటిచ్చింది. పిల్లలు మాత్రం ఎవరి అనుమతీ అడగకుండా పుట్టుకొచ్చారు. ఈ చివరి శాఖ నర్సమ్మ రోజారాణిది.

దవాఖాన దూరమని, ప్రతి బుధవారం జలాలుద్దీన్ వడ్ల దుకాణం అరుగు మీద ఆమె పసిపిల్లల క్లినిక్ నడిపేది. పదేళ్లకు పైగా సాగిన ఆ క్లినిక్ మొదటి ఏడాదే మూతపడబోయింది. కారణం తూకం. సూదికి తల్లులు ఎలాగో ఒప్పుకునేవారు గానీ, తూకమంటే ససేమిరా. బిడ్డను తూస్తే దిష్టి తగిలి కరిగిపోతుందని కాలనీ సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికి పీఠాధిపతి సాయవ్వ. తన మనవడు బిట్టు బరువెంతో దేవుడికి కూడా తెలియకూడదని ఆమె పట్టుదల.

తూయకపోతే ఏ పాప చిక్కిపోతోందో తెలిసేదెలా అని రోజారాణి బెంగ. పైగా సూపర్‌వైజర్ హరనాథబాబు వచ్చి, "తూకాల్లేని క్లినిక్ ఎందుకమ్మా? వచ్చే బుధవారం కూడా ఇంతే అయితే ఎత్తేస్తాం" అని ధర్మాసనం మీది నుంచి తీర్పిచ్చినట్టు చెప్పి వెళ్లారు.

ఆ బుధవారం రానే వచ్చింది. రోజారాణి తూకం యంత్రాన్ని వాసానికి తగిలించగానే దాని స్ప్రింగు ప్రభుత్వ సేవ నుంచి స్వచ్ఛందంగా విరమించుకుంది.

"ఫికర్ చెయ్యకు బేటీ, నా తక్కెడ లేదా?" అన్నాడు జలాలుద్దీన్.

చిల్లర గింజలు తూచే తక్కెడను కడిగి, పళ్లెంలో దుప్పటి పరిచి, "ముందు మా ఇంటి సరుకే" అంటూ తన మనవరాలు ఉమేరాను కూర్చోబెట్టాడు. ముల్లు నిలిచింది. ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ గట్టిగా కేకేశాడు: "ఏడు కిలోలు! తరుగు తీస్తే ఆరున్నర!"

వడ్లలో తడి ఉందనీ, గింజ పట్టని తాలు ఉందనీ బస్తాకింత చొప్పున వ్యాపారి కోసుకునేదే తరుగు. ఏటేటా దాని బారిన పడుతున్న సాయవ్వ అరుగు చివర నుంచి ఒక్క ఉదుటున లేచింది.

"ఏందీ? పిల్లకు గూడ తరుగు తీస్తవా సేటూ? నీ సొంత మనుమరాలికే?"

"అరె అవ్వా, నోటికొచ్చేసింది!"

"ఏడంటే ఏడే! ఇగ మా బిట్టుగానికి ఎట్ల తీస్తవో నేను జూస్త!"

కోడలు మంజులత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అత్తా, దిష్టి..." అంది.

"దిష్టి ఇంటికి పోయినంక తీస్త. ముందు గీ తరుగు సంగతి తేలాలె!"

బిట్టు పళ్లెమెక్కాడు. సాయవ్వ ముల్లుకు ముక్కు ఆనించి నిలబడింది.

"ఎనిమిది," అని జలాలుద్దీన్ పెదవులు బిగించుకున్నాడు.

"ఇగ?"

"ఇగ ఏం లేదవ్వా. ఎనిమిదికి ఎనిమిది."

ముప్పై ఏళ్లలో రైతు గెలిచిన మొదటి యుద్ధమది. జలాల్ సేటు దగ్గర తరుగు లేదన్న వార్త గల్లీగల్లీకి పాకింది. చంకల్లో పిల్లలతో కాలనీ కదిలొచ్చింది. ఒకాయన బడికెళ్లే కొడుకును పట్టుకొచ్చాడు, ఇంకొకాయన మేకపిల్లను. బిట్టు నడుముకు వెండి మొలతాడు ఉందని, అంత బరువు తగ్గించాల్సిందేనని జలాలుద్దీన్ భార్య రహీమున్నిసా అభియోగం మోపింది. పొత్తిగుడ్డల బరువు తీసేద్దామని రోజారాణి అంటే, "అదీ తరుగే!" అని సభ గర్జించింది. ఆ గోలలోనే ఆమె ఒక బక్కపాప తల్లిని పక్కకు పిలిచి, ఏం తినిపించాలో తీరుబడిగా చెప్పింది.

అప్పుడొచ్చారు హరనాథబాబు. భారీ మనిషి. ఎవరూ దారివ్వలేదు.

"ఏమిటమ్మా ఇదంతా?"

"తూకాలు సార్," అంది రోజారాణి, వీలైనంత వినయంగా.

"క్లినిక్‌ను గీడ నుంచి ఎత్తేస్తనంటిరట గద సారూ?" అంది సాయవ్వ నడుం మీద చేతులేసి.

హరనాథబాబు జనాన్ని చూశారు, తక్కెడను చూశారు. "ఎవరన్నారమ్మా? ఇక్కడే ఉంటుంది."

"అట్లయితె మీరు గూడ ఎక్కుండ్రి. తరుగు లేదు, భయపడకుండ్రి."

బస్తాల కాంటా ఎక్కక తప్పలేదు. జలాలుద్దీన్ గుండు సర్ది, బరువు పైకి చదవబోయి, తరుగు గుర్తొచ్చి ఆగాడు. "సార్‌కు గూడ తియ్యొద్దా అవ్వా?"

సాయవ్వ సారును కింది నుంచి పైదాకా చూసింది.

"సార్‌కు తియ్యి. మొన్న ఎత్తేస్తనన్న మాటంత తాలే గద."